కట్టే ముందు మా గల్లీని చదవండి

మా మొహల్లాలో ఒక కమ్యూనిటీ హాలు కట్టాలనుకున్నాం. చార్మినార్‌ నుంచి నడిచి వచ్చేంత దూరంలో, ఎప్పుడో కూలిపోయిన ఒక దేవిడీ తాలూకు ఖాళీ జాగా ఉంది. ఏళ్ల తరబడి అక్కడ చెత్త, మేకలు, క్రికెట్ ఆడే పిల్లలు. నక్షా గీసే పని ఒక ఆఫీసుకి అప్పజెప్పాం. రెండు వారాల్లో నక్షా చేతికొచ్చింది. నడుమ పెద్ద గుమ్మటం. నాలుగు మూలలా నాలుగు పొట్టి మినార్లు. ముందువైపు వరసగా కమాన్లు. రంగు ఆకుపచ్చ. మేం అడక్కుండానే పైన 'షాదీఖానా' అని బోర్డు కూడా గీసి పెట్టారు.

"పాతబస్తీ కదా సార్, మీవాళ్ల కల్చర్ కనపడాలి కదా" అన్నాడు గీసినాయన. ఆయన మనసులో చెడు ఏమీ లేదు. మమ్మల్ని సంతోషపెడదామనే గీశాడు. కానీ మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 'మీవాళ్ల' అన్న ఆ మాట దగ్గరే మా చిక్కంతా మొదలైంది.

ముస్లింల బస్తీకి ఏదైనా చేయాలంటే అందరికీ ముందు తట్టేది షాదీఖానా. మేం పెళ్లిళ్లు చేసుకోవడం తప్ప ఇంకేమీ చేయమన్నట్టు. చదువుకోమన్నట్టు, పత్రిక తిరగెయ్యమన్నట్టు, నలుగురం కూచుని గొడవపడి ఒక నిర్ణయానికి రామన్నట్టు. ఇక గుమ్మటం సంగతి. మాలో గుమ్మటం కింద పుట్టిన వాళ్లెవరు? ఒకరి నాయన జట్కా తోలాడు. ఒకరి తల్లి లాడ్ బజార్ గాజులకు రాళ్లు అంటించి మమ్మల్ని సాకింది. ఒకరి తాత దేవిడీలో హుక్కా నింపాడు. వీళ్ల కల్చర్ని ఏ రంగుతో గీయాలి?

నక్షా వాపసు ఇచ్చాం. ముందు మొహల్లాని చదువుదాం, తర్వాతే గీద్దాం అనుకున్నాం. నెల రోజులు అసర్ నమాజు తర్వాత గల్లీ గల్లీ తిరిగాం. కొలతలు రాసుకున్నాం, ముసలివాళ్లని అడిగాం, పాత పుస్తకాలు తిరగేశాం. అప్పుడు తెలిసిందే ఇక్కడ రాస్తున్నాం.

మొదటి సంగతి, ఈ ఊరు కోట కోసం పుట్టలేదు. కోట అప్పటికే గోల్కొండలో ఉంది. అక్కడ జనం కిక్కిరిసి, చోటు చాలక, మూసీ దాటి ఇవతలికి రావలసి వచ్చింది. 1578లో ఇబ్రహీం కులీ కట్టించిన పురానాపూల్ ఆ దారి తెరిచింది. 1591లో ఆయన కొడుకు ముహమ్మద్ కులీ గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే దారి మీద చార్మినార్ ఎత్తించాడు. నగరం ఎలా ఉండాలో ఆలోచించిన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ. ఇరానీ మనిషి. రాళ్లు మోసినవాళ్లు, డంగు సున్నం తిప్పినవాళ్లు, గచ్చు నునుపు చేసినవాళ్లు ఈ నేలవాళ్లు.

చార్మినార్‌ని పోస్టుకార్డులో కాక కింద నిలబడి చూడండి. మసీదు పై అంతస్తులో ఉంది. కింద నాలుగు దారులు కలుస్తాయి. ఈ నగరానికి నట్టనడుమ గర్భగుడీ లేదు, సింహాసనమూ లేదు. చౌరస్తా ఉంది. ఎవరైనా ఎటునుంచి ఎటైనా పోవచ్చు. కాస్త ఉత్తరానికి నడిస్తే నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్. అంటే ముందు దారి, తర్వాత నీళ్లు. అంగళ్లు, ఇళ్లు, మహళ్లు వాటి చుట్టూ వచ్చినవే.

ఇంకో మాట. మొదటి నూట ముప్పై ఏళ్లు ఈ ఊరికి ప్రహరీ లేదు. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. ఆ తర్వాత 1720లలో సుబేదార్ ముబారిజ్ ఖాన్ గోడ మొదలుపెట్టాడు. మొదటి ఆసఫ్ జా దాన్ని పూర్తి చేశాడు. ఆ గోడ దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి రెండే, పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. మిగతావి కొన్ని వరదకి పోయాయి, కొన్ని రోడ్ల కోసం పోయాయి. కానీ బయటివాళ్ల మనసులో ఆ గోడ ఇంకా నిలబడే ఉంది. 'పాతబస్తీ' అంటూనే గొంతు మారుతుంది. మా పెద్దలకి ఇది పాతదీ కాదు, బస్తీ కూడా కాదు. సర్కారు కాగితాల్లో 'బల్దా'. తెలంగాణ పల్లెలకి 'పట్నం'. పట్నం పోయొచ్చానంటే ఇక్కడికి వచ్చిపోయినట్టే. నది అవతల కొత్త ఊరు పెరిగాక మేం పాతవాళ్లమయ్యాం.

మొహల్లాల పేర్లు వరసగా చదవండి. దూద్ బౌలి, హరి బౌలి. బౌలి అంటే బావి. మీరాలం మండి, ఘాన్సీ బజార్, నూర్‌ఖాన్ బజార్. మండీ, బజారూ అంటే అంగళ్లు. లాల్ దర్వాజా, దబీర్‌పురా, మొగల్‌పురా, షాలిబండ. నీళ్లు, అంగళ్లు, దర్వాజాలు, మనుషులు. హరి బౌలిలో అక్కన్న మాదన్నల పేరున గుడి ఉంది. వాళ్లిద్దరూ ఆఖరి కుతుబ్ షాహీ సుల్తాను తానాషాకి మంత్రులు. షాలిబండలో మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ ఉండేది. ఆయన నిజాముకి ప్రధానమంత్రి, ఉర్దూ కవి. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీకా ఆలం వస్తుంది. ఆషాఢంలో హరి బౌలి నుంచి అమ్మవారి ఘటం వస్తుంది. ఏళ్ల తరబడి రెండూ ఏనుగు మీదే ఊరేగాయి. ఈ ఊళ్లో రోడ్డు వెడల్పు కొలవాలంటే ఆ ఏనుగుతో కొలవాలి. మా హాలు అరుగు రోడ్డు మీదికి ఎంత రావచ్చు అన్న ప్రశ్నకి మునిసిపాలిటీ రూలు కన్నా ముందు మాకు తోచిన జవాబు అదే.

రెండో సంగతి 1908 వరద. సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరి మీద పడింది. వేలమంది కొట్టుకుపోయారు. బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడలకి ముహమ్మద్ కులీ కాలం నుంచి ఉన్న రంగు పలకలు కింది వరసల్లో ఊడిపోయాయి. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో ఆ గోడే చెబుతుంది. ఆ వెనకే ప్లేగు. అప్పుడు సర్కారుకి ఊరి ఇరుకు కళ్లబడింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. బోర్డు ఇరుకు బస్తీలని కూల్చి రోడ్లు వేసింది, కొన్ని చోట్ల వరస ఇళ్లు కట్టింది. పత్తర్‌గట్టీ దాని పనే. రాతి కమాన్ల కింద నీడలో నడవడానికి చోటు, లోపల మడిగెలు, పైన గదులు. ఎండలో వచ్చిన మనిషికి నీడ ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. కమాను ఆకారం కన్నా మాకు నచ్చింది ఆ నీడ.

నది ఒడ్డున అదే కాలంలో లేచిన ఉస్మానియా ఆస్పత్రి, సిటీ హైస్కూలు అందరికీ తెలిసినవే. పాతబస్తీలో ఏది కట్టినా వాటిలాగే ఉండాలంటారు. మా నక్షాలోని గుమ్మటానికీ మూలం అదే. ఆ కట్టడాలని గీసింది ఎవరు? కలకత్తా నుంచి వచ్చిన విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు. 1914 నుంచి కొన్నేళ్లు నిజాం కొలువులో పనిచేశాడు. కాచిగూడ స్టేషన్ కూడా ఆయనదే. మంచి కట్టడాలే. ఆ ఆస్పత్రిలో హిందూ ముస్లిం తేడా లేకుండా పేదవాళ్లు పుట్టారు, చచ్చారు, బతికి బయటపడ్డారు. కానీ ఆ ముఖాలు సర్కారు తన దర్జా కోసం పెట్టుకున్న ముఖాలు. సర్కారు దర్జాని ఒక ఇంగ్లీషాయన గీస్తే, వందేళ్ల తర్వాత దాన్నే తెచ్చి 'ఇది మీ కల్చర్' అని మా చేతికిస్తున్నారు. మేం దాన్ని తలకెత్తుకోవాలా?

మూడో సంగతి దేవిడీ. ఇది మా జాగాకి నేరుగా సంబంధించింది కాబట్టి కాస్త ఓపిగ్గా చెప్పాలి. దేవిడీ అంటే ఒక ఇల్లు కాదు, ఒక చిన్న ఊరు. ముందు పెద్ద కమాను, అంబారీ ఏనుగు పోయేంత ఎత్తు. దాని పైన నౌబత్‌ఖానా. లోపల మర్దానా, ఇంకా లోపల జనానా. రెండిటికీ నడుమ సహన్, అంటే ఆకాశం కనపడే పెద్ద వాకిలి. వాకిట్లో హౌజ్, చుట్టూ స్తంభాల దాలాన్లు. ఎండాకాలం రాత్రుళ్లు అందరూ సహన్‌లోనే. గాలి అక్కడికే వచ్చేది, కబుర్లూ అక్కడికే వచ్చేవి.

దేవిడీ గురించి రాసే పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఇంకా వెనక్కి పోతే షాగిర్ద్ పేషా ఉండేది. నౌకర్లు, వంటవాళ్లు, తబేలావాళ్లు, చోప్‌దార్లు ఉండే వరస గదులు. ఒక్కో గదిలో ఒక్కో సంసారం. మా మొహల్లాలో సగం మంది మూలాలు ఆ వరసలోనే ఉన్నాయి. అయినా తెలుగు సినిమాలో, తెలుగు కథలో, బస్సులో పక్క సీటాయన నోట్లో మేం నవాబుల సంతతి. రిక్షా తొక్కేవాణ్ణి కూడా 'ఏం నవాబుగారూ' అని ఎగతాళి చేసే దేశం ఇది. నవాబు ఏలిన పాపం మా లెక్కలో రాస్తారు. నవాబు తిన్న బిర్యానీ కూడా మా లెక్కలోనే. నవాబు మాత్రం మమ్మల్ని ఏనాడూ తనవాళ్లలో లెక్కపెట్టలేదు. అష్రాఫ్, అజ్లాఫ్ అని మాలోనే గీసిన గీతల్ని కూడా మేం దాచుకోనక్కర్లేదు. సయ్యద్ ఇంటి సహన్‌లో ధునియా ఇంటి పిల్ల కూచోగలిగిందా అని మేమే మమ్మల్ని అడుక్కోవాలి.

1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీస్ యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసిందని చరిత్ర పుస్తకం రాస్తుంది. జిల్లాల్లో మాత్రం అది ముగియలేదు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాలపాటు జనం కంటపడలేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు మూటలు కట్టుకుని పట్నం చేరారు. చుట్టాల ఇళ్లలో, మసీదు నీడల్లో, దేవిడీల వెనక గదుల్లో తలదాచుకున్నారు.

1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోయినందుకు మేం ఏడవం. రైతు నెత్తురు తాగిన జాగీరు పోవలసిందే. తెలంగాణ రైతు పోరాటం న్యాయమైనదే, అందులో మా మఖ్దూం ఉన్నాడు, మా షేక్ బందగీ ఉన్నాడు. కానీ దెబ్బ ఎవరి మీద పడిందో చూడాలి. నవాబు దేవిడీ అమ్ముకున్నాడు, గోడ గోడగా, తలుపు తలుపుగా అమ్ముకుని కొన్నాళ్లు బతికాడు. షాగిర్ద్ పేషా వాళ్లకి అమ్ముకునేందుకు ఏముంది? కొలువు పోయింది. ఉర్దూలో రాసే గుమాస్తాకి ఆఫీసులో కుర్చీ పోయింది. ఉర్దూలో చదివించిన ఉస్మానియా యూనివర్సిటీ ఇంగ్లీషుకి మారింది. ఆ భాషకి రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా రావడానికి తెలంగాణలో 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదంతా నక్షాలో ఎక్కడ కనపడుతుంది? కనపడుతుంది. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం పెట్టారు. 1968లో మ్యూజియం కొత్త భవనానికి పోయింది. తర్వాత దేవిడీ చాలామటుకు కూలి మార్కెట్లయింది. ఇప్పుడు పెద్ద దర్వాజా మిగిలింది. అంత పేరున్నదాని గతే అది. పేరులేని చిన్న దేవిడీల్లో సహన్‌లోకి ఒక గోడ వచ్చింది, ఆ గోడకి ఇంకో గోడ. అన్నదమ్ముల వాటా ఒక గోడ, ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల గది ఒక గోడ. హౌజ్ పూడ్చారు. బావి మూశారు. 1970ల నుంచి గల్ఫ్ డబ్బు వస్తే అదే గది మీద ఇంకో గది లేచింది. మా గల్లీ ఇరుకుగా ఉందని నవ్వేవాళ్లకి ఒక మాట. ఆ ఇరుకు మేం పుట్టించింది కాదు. అది 1948 తర్వాత చోటు లేక కుంచించుకుపోయిన బతుకు. ఆపైన 1978 కర్ఫ్యూలు, 1990 డిసెంబర్ హత్యలు. ప్రతి గొడవ తర్వాత కలిసున్న గల్లీల నుంచి కొందరు హిందువులు అటు పోయారు, కొందరు ముస్లింలు ఇటు వచ్చారు. భయం కూడా జనాన్ని ఒకచోటికి నెడుతుంది.

2025 మే 18 తెల్లవారుజామున గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచాయి. ముత్యాల వ్యాపారం చేసే హిందూ కుటుంబం. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. లోపలికి సొరంగంలాంటి ఇరుకు దారి. పైకి ఒకే ఇరుకు మెట్లు. ఫైరింజన్ల కన్నా ముందు తలుపులు పగలగొట్టి లోపలికి పోవాలని చూసినవాళ్లలో గాజుల దుకాణాల ముస్లిం కుర్రాళ్లున్నారు. పొగ వాళ్లని పోనివ్వలేదు. ఆ ఇంటి గోడలకి, మా ఇంటి గోడలకి మతం తేడా లేదు. ఆ వార్త చదివిన రోజు మేం మా మొదటి నక్షా మళ్లీ తీసి చూశాం. నాలుగు మినార్లున్నాయి. మెట్లు ఒకే వైపున్నాయి.

సర్కార్లు మా వైపు చూడలేదని అనం. 1981లో కులీ కుతుబ్ షా పేరున ఒక అభివృద్ధి సంస్థ పెట్టారు. ఆ తర్వాత పాత కట్టడాల రక్షణకి రూలు తెచ్చారు. 2015లో ఆ రూలు తీసేశారు. చౌమహల్లా బాగుచేసి 2005లో జనానికి తెరిచారు, 2010లో దానికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. 2024లో పాతబస్తీ మెట్రోకి శంకుస్థాపన జరిగింది, 2025లో దాని రోడ్డు వెడల్పు కోసం ఇళ్లూ దుకాణాలూ కూల్చడం మొదలైంది. మెట్రో వద్దని ఎవరంటారు? కానీ రాజు మహలుకి దక్కిన ఓపికలో కొంచెమైనా షాగిర్ద్ పేషా గదికి ఎందుకు దక్కదు? టూరిస్టు చూసేది వారసత్వం, మేం ఉండేది ఆక్రమణ. ఈ లెక్క మాకు అర్థం కాదు.

ఇప్పుడు మా హాలు దగ్గరికి వద్దాం. తిరిగినదంతా మీటింగులో చెప్పాం. ఒక పెద్దాయన లేచాడు. "గుంబద్ లేకపోతే ఇది మనదని ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఆయన గొంతులో మొండితనం లేదు, భయం ఉంది. మేం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. 1992 డిసెంబర్ 6 తర్వాత గుమ్మటం మాకు ఒట్టి సున్నమూ రాయీ కాదు. కూలుతున్న గుమ్మటాలని దేశమంతా చూసింది. చెరిపేస్తారన్న భయం ఉన్నవాడికి కనపడాలన్న తపన ఉంటుంది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చివరికి మేం చెప్పగలిగింది ఇంతే. చాచా, మసీదుకి గుమ్మటం ఉంది, ఉండాలి. ఇది మసీదు కాదు. ఇది మనం మన గురించి మాట్లాడుకునే ఇల్లు. దీని గుర్తు గడపలో ఉండాలి, ఎవరు ఎక్కి రాగలరన్న దాంట్లో ఉండాలి.

అప్పుడు తలుపు అవతల నుంచి ఒక ఖాలా అంది. "ఎవరు రాగలరని అడుగుతున్నారు గదా బేటా, ఈ మీటింగులో మేమెక్కడున్నాం?" నెల రోజులు తిరిగి, మేం ఆడవాళ్లని అడిగింది పాత కథలే. కొత్త ఇంట్లో ఏం కావాలని అడగలేదు. సిగ్గుపడ్డాం. మరుసటి మీటింగు ఆమె ఇంటి వాకిట్లో జరిగింది. అక్కడ ఆడవాళ్లు చెప్పినవే రెండో నక్షాలో ముఖ్యమైన గీతలయ్యాయి.

గుమ్మటం లేదు. దేవిడీ కమానులో మిగిలిన రాళ్లని ఉన్నచోటే నిలబెడుతున్నాం, కొత్త కమాను కట్టడం లేదు. నడుమ సహన్, ఆకాశం కనపడేలా. చుట్టూ దాలాన్లు. రెండు వైపులా రెండు వెడల్పు మెట్లు. ఆడవాళ్ల దారి వెనక గల్లీ నుంచి కాదు, ముందు నుంచే. పూడ్చిన బావిని తవ్వి వాన నీళ్లు దాంట్లోకి మళ్లించాలి. గల్లీ వైపు నీడ ఉన్న చబూత్రా, దారిన పోయే ఎవరైనా కూచోవచ్చు. ఘటం వచ్చినా, ఆలం వచ్చినా దాని మీద నీళ్ల కుండలు పెట్టాలి. ఒక గదిలో పుస్తకాలు, ఒకే బల్ల మీద ఉర్దూ పేపరు, తెలుగు పేపరు. మా పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, ఉద్యోగం కోసం తెలుగూ ఇంగ్లీషూ నేర్చుకోవాలి. రెండు భాషల మధ్య నలిగిన మాకు తెలుసు ఆ బల్ల విలువ. పెళ్లిళ్లా? సహన్‌లో పెళ్లిళ్లూ జరుగుతాయి. బోర్డు మీద మాత్రం షాదీఖానా అని ఉండదు.

పాతబస్తీలో ఏమైనా గీయబోయేవాళ్లకి, వాళ్లు మావాళ్లయినా బయటివాళ్లయినా, మేం చెప్పేది ఒకటే. చార్మినార్ ఫోటో చూసి గీయకండి. నవాబు ఫోటో చూసి అసలే గీయకండి. మా గల్లీలో ఒక నెల నడవండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, నిప్పంటుకుంటే ఎటు పరిగెత్తాలో, ఆడపిల్ల ఏ మలుపు దగ్గర అడుగు వేగం పెంచుతుందో, ముసలివాళ్లు ఏ గోడ నీడలో కూచుంటారో చూడండి. షాగిర్ద్ పేషా గది ఎంత ఉండేదో కొలవండి. ఆ తర్వాత పెన్సిలు పట్టుకోండి.